రీలుకు పన్నెండే



మన ఇండ్లల్లో అవ్వ పోతే దండ వేసేదానికి ఫోటో దొరకదు. ఆధార్ కార్డు మీది ఫోటోనే స్టూడియోలో పెద్దది చేయించి గోడకు తగిలిస్తాం. మిషన్ ముందు బెదిరిపోయి చూసిన ఆ చూపే ఆమె గుర్తుగా మిగిలిపోతుంది. ఫోన్లో వందల ఫోటోలుంటాయి గానీ, ఫోన్ చెడిపోతే అవీ పోతాయి. అందుకే మేము నలుగురం, ఇద్దరు చెంచులు, ఇద్దరు సుగాలీలు, డబ్బులేసుకొని ప్రొద్దుటూరులో ఒక పాత స్టూడియో బీరువాలో ఉన్న యాషికా మ్యాట్ 124జి కొన్నాం.

ఒకప్పుడు మన ఊర్ల పెండ్లిండ్లలో ఫోటోగ్రాఫర్ల మెడలో ఉండిన రెండు కండ్ల కెమెరా ఇదే రకం. పై లెన్సులో మనం చూస్తాం, కింది లెన్సు ఫోటో తీస్తుంది. 120 రీలు వేస్తే చదరంగా పన్నెండు ఫోటోలొస్తాయి, అంతే. నెగెటివ్ మామూలు 35 ఎంఎం రీలు కంటే మూడున్నర రెట్లు పెద్దది. అందుకే ప్రింటు ఎంత పెద్దది చేసినా ముఖంలో ముడతలు కూడా చెదరవు. అయితే రీలు, కడిగించడం, స్కానింగ్ కలిపితే వెయ్యి రూపాయల పైనే. కాబట్టి ముందు కెమెరా మంచిదో కాదో తేల్చుకోవాల.

రీలు వేయకుండానే మొదలుపెట్టినాం. వెనక తలుపు తీసి, టార్చి వేసి లెన్సులో ఫంగస్ ఉందేమో చూసినాం. ఫోన్‌లో స్లోమోషన్, అంటే సెకనుకు 240 ఫ్రేముల వీడియో పెట్టి, వెనక నుంచి షట్టర్‌ను తీసినాం. 1/15 స్పీడు దగ్గర షట్టర్ సుమారు 16 ఫ్రేముల సేపు తెరిచి ఉండాల, 1/60 దగ్గర నాలుగు. అవి సరిపోయినాయి. ఒక సెకను దగ్గర మాత్రం ఎంతసేపటికీ మూసుకోల్యా. లోపలి నూనె గట్టిపడితే ఇట్లయితుంది. మన ఎండకు ఆ స్పీడుతో పనేముంది అని వదిలేసినాం. ఇక ఫోకస్. రీలు పరిచే చోట బటర్ పేపరు అతికించి, షట్టర్ తెరిచిపెట్టి, దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని చూసినాం. పై అద్దంలో తేటగా కనపడినప్పుడే కింద పేపరు మీద కూడా తేటగా పడితే కెమెరా నిజం చెప్తున్నట్టే.

ఈ మోడల్‌లో ఉండే మీటరుకు పాత పాదరసం బ్యాటరీ కావాల, అది ఇప్పుడు తయారు కాదు. దాని బదులు ఒక లెక్కుంది. 400 స్పీడు రీలైతే నిండు ఎండలో ఎఫ్16, 1/500. చెట్టు నీడలో ఎఫ్8, 1/250. మొదటి రీలు మనుషుల మీద కాకుండా గండికోట రాళ్ళ మీద ఖర్చు పెట్టినాం. పెన్నా లోయలో ఒకపక్క మండే ఎండ, ఒకపక్క చీకటి నీడ. ఒక్కో చోట మూడు రకాల వెలుతురులో తీసి, ప్రతిదీ నోటుబుక్కులో రాసుకున్నాం. కొరియర్‌లో పంపి కడిగించినాక తెలిసింది: వెలుతురు కొంచెం ఎక్కువైనా ఈ ఫిల్మ్ తట్టుకుంటుంది, తక్కువైతే మాత్రం నీడలో ఏమీ మిగలదు.

ఇది మనకు చానా ముఖ్యం. తెల్లగోడ ముందర నల్లటి మనిషిని నిలబెడితే మీటరు గోడను చూసి లెక్కేస్తుంది, ముఖం బొగ్గు మాదిరి వస్తుంది. కలర్ ఫిల్మ్ కంపెనీలు కూడా చానా ఏండ్లు తెల్ల ఆడమనిషి ఫోటో పెట్టుకునే రంగులు సరిచూసుకున్నాయి. మనం చేయాల్సింది ఇది: ముఖం మీద పడే వెలుతురులోనే అరచేయి పెట్టి ఫోన్ మీటరుతో కొలవాల, దానికి ఒక స్టాపు ఎక్కువ వెలుతురు ఇయ్యాల. మనిషి ఎంత నలుపైనా అరచేయి తెలుపే గదా.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, మనోళ్ళను ఫోటో తీయడం కొత్తగాదు. థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలతలు తీసుకున్నాడు, ఫోటోలతో ఏడు సంపుటాలు 1909లో అచ్చేసినాడు. హైమెండార్ఫ్ 1940లో చెంచుల మధ్య ఉండి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. ఆయన ఫోటోలు లండన్‌లో సోయాస్ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఆ ఫోటోల్లో ఉన్నోళ్ళ మనవళ్ళు ఎంతమంది వాటిని చూసినారు?

అందుకే బైర్లూటి గూడెం పోయేముందు మూడు మాటలు అనుకున్నాం. అడగకుండా తీయొద్దు. వద్దంటే మూత వేసేయాల. మొదటి ప్రింటు ఫోటోలో ఉన్న మనిషికే.

ఈ కెమెరాను నడుము దగ్గర పట్టుకొని, తల వంచి చూడాల. అది చూసి ఒక తాత, "ఏమిరా అబ్బీ, నాకు దండం పెడతాండావా?" అని నవ్వినాడు. ఆ నవ్వే రీలు మీద పడింది. ఒక అవ్వ వద్దనింది, తీయల్యా. రెండు దినాల్లో ఏడు మందివి పన్నెండు ఫోటోలు. పన్నెండే అయ్యేసరికి తీసేదాని కంటే కూర్చొని మాట్లాడిందే ఎక్కువ.

ప్రింట్లు ఇచ్చేదానికి పోతే ఇంకో అవ్వ తన ఫోటోను చానాసేపు చూసి, గడ్డం మీది పచ్చబొట్టును వేలితో తడిమి, "ఇది నేనే" అనింది. ఇంట్లో గోడకు మేకు కొట్టమని మనవడికి చెప్పింది. ఆమె బతికుండగానే, ఆమెకు నచ్చిన ఫోటో.

నెగెటివ్ కవర్ల మీద పేరు, ఊరు, తేదీ రాసి పెట్టినాం. కర్నూలు, కడప దిక్కు మీ గూడెంలో, తాండాలో ఇట్లా తీయించుకోవాలనుకునే పెద్దోళ్ళుంటే చెప్పండి, కెమెరా తెస్తాం. నేర్చుకుంటామనే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే ఇంకా మంచిది. రీలులో మొదటి ఫోటో మీ చేత్తోనే తీయిస్తాం.