ఫజ్ర్ తరువాత ఉప్పలపాడు దారిలో

ఫజ్ర్ నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగేసరికి గుంటూరు వీధులలో పాలవాళ్ళ సైకిళ్ళు తప్ప ఇంకేమీ తిరగవు. మా ఊరి ఎండను ఎరిగినవారికి ఆ గంట విలువ తెలుస్తుంది. షవ్వాల్ మాసపు తొలి వారంలో ఒకనాడు అదే గంటలో మా పన్నెండేళ్ళ అమ్మాయిని స్కూటరు వెనుక కూర్చోబెట్టుకొని ఉప్పలపాడు బయలుదేరాను. పెదకాకాని మండలంలోని ఆ పల్లె మా ఇంటికి పది కిలోమీటర్ల లోపే ఉంటుంది. దూరదేశపు పక్షులను చూడాలంటే దూరదేశాలకు వెళ్ళాలనుకునే మనకు ఇంత చేరువలో ఇంతటి విందును అల్లాహ్ అమర్చి ఉంచాడంటే నమ్మడం కష్టం.

ఈ ప్రయాణాలకు మూలం మా అమ్మీ. మోకాళ్ళ నొప్పులతో ఆమె ఏడాదిగా గడప దాటలేదు. ఒకప్పుడు ఇంటి చుట్టూ ఉన్న ప్రతి మొక్కనూ పేరుపెట్టి పిలిచిన మనిషి, ఇప్పుడు కిటికీలోంచి కనిపించే వేపకొమ్మతో సరిపెట్టుకొంటున్నది. అందుకే ఉదయం నడకకు వెళ్ళినప్పుడల్లా ఫోనులో నాలుగు ఫొటోలు తీసి తెచ్చి ఆమెకు చూపించడం అలవాటు చేసుకొన్నాను. కళ్ళజోడు తుడుచుకొని, "ఈ రోజు ఏం తెచ్చావు?" అని అడుగుతుంది, సంతకు వెళ్ళివచ్చినవాణ్ణి అడిగినట్లు.

ప్రాణుల చిత్రాల విషయంలో మా ఇంటి ఆచారం పాతది. మా అబ్బా బ్రతికి ఉన్నంతకాలం గోడకు క్యాలెండరు తప్ప మరే బొమ్మా ఎక్కలేదు. కెమెరాతో తీసే ఫొటోల గురించి ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్న సంగతి పాఠకులకు తెలిసినదే. ఆ చర్చను నేను ఇక్కడ తేల్చబోవడం లేదు. మేము చేసుకొన్న ఏర్పాటు ఇది: పువ్వు అయినా పిట్ట అయినా ఫోనులోనే ఉంటుంది, అమ్మీ చూస్తుంది, చెల్లెళ్ళకు పంపుతుంది, గోడ మాత్రం అబ్బా ఉంచినట్లే ఉంటుంది.

ఊరు దాటగానే దారికి ఇరువైపులా కల్లాలలో ఆరబోసిన మిరపకాయలు మంచుకు తడిసి మరింత ఎర్రగా కనిపిస్తాయి. ఆ ఘాటుకు అమ్మాయి తుమ్మడం, నేను స్కూటరు ఆపడం మామూలే. ఆగినచోటల్లా ఏదో ఒక పువ్వు దొరుకుతుంది. ఏప్రిల్‌లో కానుగచెట్టు తన కిందనంతా పేలాలు చల్లినట్లు పూలు రాల్చుతుంది. లేత ఊదారంగు అంచున్న ఆ పూలను నిలబడి తీస్తే నేల తప్ప మరేమీ కనబడదు. మోకాళ్ళ మీద కూర్చుని ఫోనును పూల ఎత్తుకు దించితే అప్పుడు ఒక్కొక్క రేకూ విడివిడిగా పలుకుతుంది. ఈ కిటుకు నాకు నేర్పినది మా అమ్మాయి. సజ్దాలో నేలకు అంత దగ్గరగా రోజూ వెళ్ళే నాకు ఆ సంగతి తోచకపోవడం వింతే.

జిల్లేడును మనం ముట్టం. పాలు కంట్లో పడతాయన్న భయం. కానీ దాని ఆకును అడుగునుంచి చూడండి. నలుపు, తెలుపు, పసుపు చారలతో ఒక గొంగళిపురుగు ఆకు నములుతూ ఉండవచ్చు. మనకు హాని చేసే ఆ పాలే దానికి రక్షణ. ఆ విషం ఒంటబట్టించుకొన్న పురుగు నారింజరంగు సీతాకోకచిలుకగా మారిన తరువాత కూడా పిట్టలు దాన్ని తినడానికి వెనుకాడతాయి. ఆ పురుగు ఫొటో చూసి అమ్మీ "సుబ్‌హానల్లాహ్" అన్నది గానీ, వెంటనే, "ముందు చేతులు కడుక్కో" అని కూడా అన్నది.

మరొక పొరపాటు కూడా ఈ దారిలోనే దిద్దుకొన్నాను. హజ్రత్ సులైమాన్ (అ) కొలువుకు సబా రాణి వార్త తెచ్చిన హుద్‌హుద్ పక్షి గురించి 'నమ్ల్' సూరాలో చదువుకొన్నాము. అది వడ్రంగిపిట్ట అని చిన్ననాటినుంచి నా నమ్మకం. ఒక ఉదయం పచ్చికలో పొడవాటి వంపు ముక్కుతో మట్టిని గుచ్చుతున్న గోధుమరంగు పిట్టను ఫొటో తీశాను. రెక్కల మీద నలుపు తెలుపు పట్టీలు, తలమీద విసనకర్రలా విచ్చుకొనే కిరీటం. పక్షుల పుస్తకంతో పోల్చి చూస్తే అదే హుద్‌హుద్. చెట్టు మానును తొలిచే వడ్రంగిపిట్ట వేరు, నేలను వెదికే ఇది వేరు. యాభై ఏళ్ళుగా మా పెరడులోకి వచ్చిపోతున్న అతిథి పేరు నాకు తెలియలేదన్నమాట.

ఇక ఉప్పలపాడు. పల్లె నడుమ చెరువు, చెరువులో చిన్న మట్టిదిబ్బలు, వాటిమీద తుమ్మచెట్లు. ఆ చెట్లు చాలవని పక్షులు వాలడానికి ఇనుప మంచెలు కూడా నిలిపారు. చలికాలంలో కొమ్మ కనబడనంతగా గూళ్ళు ఉంటాయి. ఏప్రిల్‌కు కొంత పలచబడినా, ఎదిగిన పిల్లలు ఇంకా తల్లిదండ్రులను వేధిస్తూనే ఉంటాయి. గూడబాతు పిల్ల తల్లి ముక్కుకింద సంచిలోకి తల మొత్తం దూర్చి చేపను వెదుక్కొంటుంది. చూసేవారికి తల్లి పిల్లను మింగేస్తున్నదేమోనన్న భ్రమ కలుగుతుంది. ఎర్రకాళ్ళ కొంగల తోక దగ్గర గులాబిరంగు ఈకలు ఉదయపు ఎండలో వెలుగుతాయి. నత్తలు తినే గుల్లకొంగ ముక్కు మూసినా నడుమ సందు మిగిలే ఉంటుంది. తెల్ల కంకణాలు, నీటికాకులు, కొంగలు ఒకే కొమ్మ మీద పోట్లాడుకొంటూ కాపురం చేస్తాయి. వాసన మాత్రం చెప్పుకోదగినది కాదు. ఆ వాసనను, రాత్రింబవళ్ళ రొదను భరిస్తూ ఆ పక్షులను తమవిగా చూసుకొంటున్న గ్రామస్థులకు మనం సలాం చేయాలి. ఇటువంటి సహనం ఎల్లకాలం నిలుస్తుందన్న భరోసా లేదు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిప్రేమికుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో గూడబాతుల పెద్ద స్థావరాన్ని లోకానికి తెలియజేశారు. తరువాతి దశాబ్దాలలో అది పూర్తిగా ఖాళీ అయింది.

ఎనిమిది గంటలకు ఎండ ముదరగానే ఒక దృశ్యం చూశాము. ఎర్రకాళ్ళ కొంగ ఒకటి సూర్యునికి వీపు పెట్టి రెక్కలు సగం విప్పి కదలకుండా నిలబడింది. ఆ నీడలో రెండు పిల్లలు. అమ్మాయి గట్టు మీదనుంచే ఫొటో తీసింది. రెక్కలు చాచి ఎగిరే పక్షులను ఆకాశంలో నిలిపి ఉంచేది ఎవరో ఆలోచించమని దివ్య ఖుర్‌ఆన్ 'ముల్క్' సూరాలో చెబుతుంది. ఎగరడానికి ఇచ్చిన రెక్కలే గొడుగుగా కూడా పనికివస్తాయని నాకు ఆనాడే తెలిసింది.

నేను నిజంగా చెప్పదలచిన సంగతి తిరుగుదారిలో జరిగినది.

మా అమ్మీకి తీతువుపిట్ట అరుపంటే భయం. రాత్రివేళ అది ఇంటిమీదుగా అరుచుకొంటూ పోతే ఆ ఇంట్లో చావు కబురు వినిపిస్తుందని మన పల్లెలలో ఒక మాట ఉన్నది. అమ్మీ దాన్ని ఇరుగుపొరుగు నుంచి ఎప్పుడో పట్టుకొన్నది. ఆయతుల్ కుర్సీ చదువుతూనే, "కిటికీ మూయండి" అంటుంది. ఈ సంవత్సరం ఆరోగ్యం బాగాలేదు కాబట్టి ఆ భయం మరీ ఎక్కువయింది. శకునం లేదని దైవప్రవక్త (స) స్పష్టంగా ప్రకటించిన విషయం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నదని ఆమెకు నేను చాలాసార్లు చెప్పాను. అజ్ఞానకాలపు అరబ్బులు ప్రయాణానికి ముందు పిట్టను అదిలించి, అది కుడికి ఎగిరితే శుభమనీ ఎడమకు ఎగిరితే అశుభమనీ ఎంచేవారు. అరబీలో శకునాన్ని 'తియరా' అంటారు. పక్షి అన్న అర్థమిచ్చే 'తైర్' నుంచే ఆ మాట పుట్టింది. ఇదంతా అమ్మీ శ్రద్ధగా వినేది. రాత్రి కిటికీ మూయించేది.

తిరుగుదారిలో ప్లాట్లుగా విడగొట్టి రాళ్ళు పాతిన ఒక ఖాళీ స్థలం దగ్గర అదే అరుపు వినిపించింది. రెండు తీతువులు. కంటి ముందు ఎర్రని తోలు, పసుపు కాళ్ళు. నల్లని మెడ, ఒళ్ళంతా ఎండుమట్టి రంగు. ఈ పిట్టను దగ్గరనుంచి ఫొటో తీసి చూపిస్తే అమ్మీ భయం పోతుందనుకొన్నాను. ఉద్దేశం మంచిదే. ఫోనుతో దూరపు పిట్టను తీస్తే మచ్చలా వస్తుంది కాబట్టి లోపలికి నడిచాను. అవి తలమీదుగా దూసుకొచ్చి అరుస్తున్నకొద్దీ నాకు ఉత్సాహం పెరిగింది. అప్పుడు అమ్మాయి నా చొక్కా పట్టుకొని ఆపింది. నా పాదానికి జానెడు దూరంలో నాలుగు గుడ్లు. గూడు అనడానికి ఏమీ లేదు. నేలమీద చిన్న పల్లం, చుట్టూ గులకరాళ్ళు. మొనలన్నీ లోపలికి తిరిగి, రాళ్ళమధ్య రాళ్ళలా ఉన్నాయి.

అక్కడే వెనుదిరగవలసింది. నేను అలా చేయలేదు. తల్లి వచ్చి గుడ్లమీద కూర్చుంటే ఎంత మంచి ఫొటో వస్తుందోనని పది అడుగుల దూరంలో నిలబడిపోయాను. అది రాలేదు, అరుస్తూనే ఉంది. అరగంట గడిచింది. గుంటూరు ఏప్రిల్ ఎండలో కప్పులేని గుడ్లకు అరగంట అంటే ఏమిటో నాకు తరువాత తెలిసింది. తీతువు గుడ్లమీద కూర్చునేది వెచ్చదనం కోసమే కాదు, ఇటువంటి ఎండలలో నీడ కోసం కూడా. కొన్నిసార్లు నీటిలో పొట్ట ఈకలను తడుపుకొని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. కరెంటు స్తంభంమీద ఒక కాకి కూర్చుని మమ్మల్ని చూస్తున్నది. దాన్ని కూడా ఒక ఫొటో తీశాను.

మరునాడు మళ్ళీ వెళ్ళాము. పల్లం ఖాళీగా ఉంది. పెంకు ముక్క ఒకటి మాత్రం మిగిలింది. తీతువులు కనబడలేదు. అది మా వల్లనే జరిగిందని రుజువు ఏమీ లేదు. కాకి మేము లేకపోయినా చూసి ఉండేదేమో. అమ్మాయి మాత్రం ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు. పక్షుల గూళ్ళను, గుడ్లను కదిలించడాన్ని కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అనే మాటలోనే చేర్చింది. నేను గుడ్లను తాకలేదు. ఆ సమర్థన ఆ రోజు నాకే రుచించలేదు.

"ఈ రోజు ఏం తెచ్చావు?" అని అమ్మీ అడిగినప్పుడు జరిగినదంతా చెప్పాను. ఆమె చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ కూర్చున్నది. తరువాత, "తల్లి అరుస్తుంటే నువ్వు నిలబడే ఉన్నావా?" అని మాత్రం అడిగింది.

సునన్ అబూ దావూద్‌లోని ఒక ఉల్లేఖనం మాకిద్దరికీ ఒకేసారి గుర్తుకు వచ్చిందనుకొంటాను. ఒక ప్రయాణంలో సహాబాలు ఒక చిన్న పిట్ట పిల్లలు రెండింటిని పట్టుకొన్నారు. తల్లిపిట్ట వచ్చి రెక్కలు కొట్టుకొంటూ తిరగసాగింది. దైవప్రవక్త (స) దాన్ని చూసి, బిడ్డల విషయంలో దీన్ని బాధపెట్టినది ఎవరని అడిగి, పిల్లలను తిరిగి ఇచ్చేయమని ఆజ్ఞాపించారు. సహాబాలకు తిరిగి ఇవ్వడానికి పిల్లలు చేతిలో ఉన్నాయి. నా చేతిలో ఫొటోలు తప్ప ఏమీ లేవు. అమ్మీ వాటిని చూడననలేదు. ఒక్కొక్కటి చూసి, "దీని కళ్ళు చూడు, ఎంత భయపడిందో" అన్నది. ఇన్నాళ్ళూ ఆమెను భయపెట్టిన పిట్ట అది.

అప్పటినుంచి మేము కొన్ని పద్ధతులు పాటిస్తున్నాము. పక్షి మేత మానివేసి మనవైపు చూడసాగితే అక్కడికే ఆగిపోతాము. అరిస్తే వెనక్కి వస్తాము. గూడు ఎదుట నిలబడము. గూడు ఎక్కడున్నదీ ఎవరికీ వాట్సాప్‌లో పంపము. కొమ్మలు వంచము, పువ్వును ఫొటో కోసం తెంపము. ఫొటోలు పూర్వంకంటే నాసిగానే వస్తున్నాయి. మా బంధువులలో ఒకరు, మీ పిట్టలన్నీ ఈమధ్య దోమలంత ఉంటున్నాయేమిటని ఎగతాళి కూడా చేశారు.

మొదటిసారి గుడ్లు పోయినప్పుడు తీతువులు అదే కాలంలో మళ్ళీ పెట్టడం సాధారణమేనని పుస్తకంలో చదివాము. జుల్‌ఖాదా మాసంలో ఒక ఉదయం ఆ స్థలానికి అవతల, చెరుకురసం బండి నిలిపే చోటికి ఎదురుగా, మళ్ళీ ఆ అరుపు వినిపించింది. స్కూటరు దిగలేదు. రోడ్డుమీదనుంచే అమ్మాయి ఒక ఫొటో తీసింది. రాత్రి అమ్మీ దాన్ని రెండు వేళ్ళతో పెద్దదిచేసి, కళ్ళజోడు పైకి నెట్టి, మళ్ళీ చిన్నదిచేసి చూసింది.

"ఇందులో అన్నీ రాళ్ళేగా బేటీ, పిట్ట ఎక్కడుంది?" అన్నది.

అమ్మాయి నానమ్మ మంచంమీదికి ఎక్కి, ఆమె వేలు పట్టుకొని తెరమీద ఒకచోట పెట్టింది.