చుట్టాలు లేని ఊరు

‘‘పడుకోడానికి కూడా డబ్బులేటమ్మా?’’

నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసే ఆ తండ్రి అనుమానం సబబే. ఊరెళితే చుట్టాలింట్లో దిగడమే ఆయనకు తెలుసు. 1900లో మొదలైన చిన్న రైలెక్కి పర్లాకిమిడి వెళ్లొచ్చిన పెద్దలదీ అదే పద్ధతి. కూతురికి హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ రావడంతో చిక్కొచ్చి పడింది. అక్కడ చుట్టాలెవరూ లేరు.

హైటెక్‌ సిటీలో ఆఫీసు పక్కనున్న హోటలైతే నడిచే వెళ్లొచ్చు. కానీ అద్దె రెట్టింపు. పైగా అక్కడ మధ్యాహ్నం 12 కొడితే రోజు మారిపోతుంది. తెల్లారి రైలు దిగి గదిలో చేరితే, పూట గడవకముందే ఒక రోజు అద్దె చెల్లు. సికింద్రాబాద్‌ స్టేషన్‌ ఎదుటి లాడ్జిలో మాత్రం దిగిన వేళ నుంచి 24 గంటలు లెక్క. అక్కణ్నుంచి హైటెక్‌ సిటీకి రైలు మారే పని లేకుండా మెట్రో ఉంది. అయినా ఆ ఒక్క రోజు అద్దే ఆయనకు రెండు రోజుల కూలి.

అమ్మాయి లాడ్జికే మొగ్గింది. ఫోన్‌ చేసి వేణ్నీళ్లు, గుర్తింపు కార్డుల సంగతి కనుక్కుంది.

‘‘తలుపు గెడ గట్టిగా పడతాదా? అదడుగు తల్లీ’’ అన్నాడు తండ్రి.

గెడ గట్టిగానే పడింది. అయినా ఆ రాత్రి ఆయన కన్ను మూయలేదు. పొద్దున్నే కూతుర్ని లేపాలి కదా!