చెలియలికట్ట మీద వసంతం

వసంతం అనగానే తెలుగు పాఠకుని మనస్సులో మామిడి చిగుళ్ళు, మల్లెల పరిమళం, కోయిల కూత మెదులుతాయి. ప్రబంధకవులు వసంతశోభను ఎక్కువగా ఉద్యానవనాలలో చూపించారు. కావ్యానికి ఆలంకారికులు చెప్పిన అష్టాదశ వర్ణనలలో సముద్రమూ ఉంది, ఋతువులూ ఉన్నాయి. అయినా సముద్రతీరాన వసంతం ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక చాలామందికి కలగదు. సముద్రాన్ని గురించి మన భాషలో ఒక చక్కని మాట ఉంది. అది ‘చెలియలికట్ట’. సముద్రుడు దాటరాని హద్దు అని దాని అర్థం. నేడు మనం గౌరవమనే అర్థంలో వాడుతున్న ‘మర్యాద’ అన్న పదానికి కూడా సంస్కృతంలో ఎల్ల, హద్దు అనే అర్థాలున్నాయి. అంతటి జలరాశిని ఆపే ఆ కట్ట ఏది? దానిని కట్టినవారెవరు? ఈ ప్రశ్నలకు నిఘంటువు కంటె తీరంలోని ఇసుకే వివరంగా సమాధానం చెబుతుంది.

విశాఖపట్నం నుండి భీమునిపట్నం వరకు సాగే తీరంలో ఒక ప్రక్క కొండలు, వేరొక ప్రక్క బంగాళాఖాతం కనువిందు చేస్తాయి. ఫాల్గుణ మాసంలో ఒకనాటి తెల్లవారుజామున ఒక జూనియర్ కళాశాల విద్యార్థులు తమ వృక్షశాస్త్ర ఉపన్యాసకునితో కలిసి ఆ తీరంలోని ఒక మత్స్యకార పల్లె నుండి నడక ప్రారంభించారు. దారిలో కనిపించే పూల పేర్లు, పక్షుల పేర్లు వ్రాసుకోవడం వారి పని. అరగంట నడిచినా పుస్తకాలలో ఒక్క పేరూ చేరలేదు. “ఇసుక తప్ప ఇక్కడ పూలెక్కడున్నాయి సార్?” అని ఒక విద్యార్థిని అడిగింది. ఆయన నవ్వి, “నీ కాళ్ళ దగ్గర చూడమ్మా” అన్నారు.

ఆమె పాదాల ప్రక్కనే ఒక తీగ ఇసుక మీద ప్రాకి ఉంది. మేకగిట్టలా నడుమ చీలిన దళసరి ఆకులు, వాటి మధ్య గరాటు ఆకారంలో ఊదారంగు పూలు. ఉదయం విచ్చుకొని, ఎండ ముదిరేసరికి వాడిపోయే పూలవి. మరాఠీ భాషలో ఈ తీగను ‘మర్యాదవేల్’ అంటారు. కెరటాలకు హద్దు చూపే తీగ అని ఆ పేరులోని భావం. దానికి కొద్ది ఎగువన ముళ్ళబంతుల వంటి గింజల గుత్తులతో ఒక గడ్డి పెరుగుతున్నది. దానిని మనవారు రావణాసురుని మీసాలు అంటారు. పండి విడివడిన గుత్తులు గాలికి చక్రాలవలె తీరం వెంట దొర్లుతూ గింజలను వెదజల్లుతాయి.

ఒక విద్యార్థి ఆ తీగ కొసను పట్టి లాగబోయాడు. దాపులో వల బాగుచేసుకుంటున్న వృద్ధుడొకడు తలెత్తి, “దాన్ని పీకకు బాబూ. అది పోయిందంటే ఇసకంతా మా ఇళ్ళల్లోకి ఒచ్చేస్తాది” అన్నాడు. విద్యార్థి వెంటనే చేయి తీశాడు.

వృద్ధుని మాటలోని శాస్త్రాన్ని ఉపన్యాసకుడు వివరించారు. ఈ తీగ కణుపు కణుపుకూ వేరు దించుతుంది. గాలికి ఎగిరివచ్చే ఇసుక ఆకులకు తగిలి ఆగుతుంది. ఆగిన ఇసుకలో తీగ మునిగిపోక, మళ్ళీ పైకి చిగురిస్తుంది. ఇలా ఏళ్ళ తరబడి సాగితే తీరం వెంట ఒక ఇసుకదిబ్బ ఏర్పడుతుంది. తుఫాను నాడు కెరటాలు ఆ దిబ్బను కోసి, ఇసుకను తీరానికి చేరువలోనే నీటి అడుగున పరుస్తాయి. అడుగు మెరక కావడంతో వెనుక వచ్చే కెరటాల బలం దారిలోనే తగ్గుతుంది. సముద్రం శాంతించిన తరువాత ఆ ఇసుకలో చాలా భాగం మెల్లగా ఒడ్డుకు చేరుతుంది. తీగలు దానిని మళ్ళీ పట్టి నిలుపుతాయి. 2014 అక్టోబరు 12న విశాఖతీరాన్ని తాకిన హుద్‌హుద్ తుఫాను మహావృక్షాలనే కూల్చివేసింది. అటువంటి గాలికి తలవంచి, నేలను విడువక ఉండగలిగేది నేలనంటిన తీగ.

మరికొంత దూరం పోగా తడి ఇసుకపై ఉల్లంకి పిట్టలు కనిపించాయి. అల వెనుకకు తగ్గగానే ముందుకు పరుగెత్తి ముక్కుతో ఇసుకను పొడుస్తూ, అల రాగానే వెనుకకు మళ్ళుతున్నాయి. కోయిలకు వసంతం పాటల ఋతువు. ఈ పిట్టలకు అది ప్రయాణకాలం. శీతకాలమంతా మన తీరంలో గడిపి, వసంతంలో ఇవి ఉత్తరాసియా దిశగా బయలుదేరుతాయి. వేల కిలోమీటర్ల ప్రయాణానికి కావలసిన శక్తిని ముందుగానే కొవ్వు రూపంలో దేహంలో కూడబెట్టుకోవాలి. ఫోటో కోసం ఇద్దరు విద్యార్థులు దగ్గరకు పరుగెత్తగా గుంపంతా లేచిపోయింది. “మీకు దొరికింది ఒక బొమ్మ, వాటికి పోయింది ఒక ముద్ద” అన్నారు ఉపన్యాసకుడు. ఆ తరువాత వారందరూ దూరంగా కూర్చొని చూశారు. కాసేపటికి పిట్టలు తిరిగివచ్చాయి. తెల్లని తల, ఇటుకరంగు రెక్కలు గల గరుడపక్షి ఒకటి పైన వలయాలు చుట్టింది.

ఎండ ఎక్కే వేళకు వారు భీమునిపట్నానికి సమీపంలోని ఎర్రమట్టి దిబ్బలను చేరారు. సుమారు ఇరవై వేల ఏళ్ళ క్రితం మంచుయుగం తీవ్రంగా ఉన్న కాలంలో సముద్రమట్టం నేటికంటె దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. అటువంటి కాలాలలో బయటపడిన ఇసుకను గాలులు ఎగురవేసి కుప్పలుగా పోశాయి. రేణువుల మీద ఇనుప ఆక్సైడు పూతపట్టి అవి ఎర్రబడ్డాయి. వానలు వాటిని లోతైన వాగులుగా కోశాయి. జీడిమామిడి తోటలు పూతకాలం దాటి పిందెలు తొడుగుతున్నాయి. కలివి పొదల తెల్లని పూల వాసన గాలిలో నిండి ఉంది. ఒక ఎర్రని గట్టులో రంధ్రాలు కొన్ని కనిపించాయి. వాటిలో ఒకదాని నుండి ఆకుపచ్చని పసరిక పిట్ట బాణంలా వెలువడింది. గాలిలోనే తేనెటీగలను పట్టి తినే ఈ పిట్ట మెత్తని గట్లలో సొరంగం త్రవ్వి గుడ్లు పెడుతుంది.

గట్టు పైనుండి జారుదామని విద్యార్థులు ఉబలాటపడ్డారు. వారికి ముందు వచ్చినవారెవరో జారిన గాడి అక్కడే ఉంది. దాని అడుగున గట్టు విరిగి, ఒక సొరంగం సగం తెరచుకొని ఉంది. వానకాలంలో నీరు ఆ గాడినే పట్టి పారి, దానిని మరొక వాగుగా మార్చగలదు. విద్యార్థులు ఆ రంధ్రాన్ని చూచి మారుమాట లేకుండా ప్రక్కదారిన దిగారు.

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఈ దిబ్బలను జాతీయ భూవారసత్వ ప్రదేశంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. గుర్తింపు అవసరమే. కాని ఆ జాబితా తీరం వెంట కాపలా తిరగదు. రహదారికో, భవనానికో తీగలను పెరికి దిబ్బను చదును చేసినప్పుడు సముద్రం ముందుకు వచ్చిందని మనం నిందిస్తాం. కాని అక్కడ ముందుగా హద్దు దాటినది మనిషే.

చెలియలికట్ట రాతిగోడ కాదని ఆ విద్యార్థులకు ఆనాడు తెలిసింది. ఊదాపూల తీగ, ముళ్ళగడ్డి, రేణువు రేణువుగా చేరిన ఇసుక కలిసి కట్టిన కట్ట అది. దానిని కాపాడడానికి గొప్ప సాహసం అక్కరలేదు. ఎక్కడ అడుగు వేయకూడదో తెలిసి నడిస్తే చాలు. మర్యాద అన్న మాటకున్న రెండు అర్థాలూ అక్కడ ఒక్కటవుతాయి.