కౌజు కూసిన దిక్కు

మా ఆయనకు ఫస్ట్ షిఫ్ట్ వారమైతే నేను నాలుగున్నరకే లేస్తాను. టిఫిన్ డబ్బా కట్టిచ్చి, ఆయన బండి మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి, చెప్పులు మార్చుకుని నడకకు బయలుదేరతాను. షుగర్ ఉందని డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచీ, అంటే మూడేళ్లుగా, ఇదే వరస.

మా గోదావరిఖనిలో నడవడానికి స్టేడియం ఉంది, అందరూ అక్కడికే పోతారు. నేను మాత్రం క్వార్టర్ల వెనక రోడ్డు పట్టుకుంటాను. ఆ రోడ్డు చివర ఓపెన్‌కాస్టు నుంచి తోడిపోసిన మట్టి గుట్ట ఉంది. మా బొగ్గు బావుల భాషలో ఓబీ డంపు. ఎప్పుడో కంపెనీవాళ్లు పెట్టిన చెట్లు పైన గుబురుగా పెరిగాయి. కింద ఎవరూ పెట్టని సర్కారు తుమ్మ, రేగు కంపలు, అక్కడక్కడా మోదుగలు. గుట్ట ఎక్కనివ్వరు, నాకు ఎక్కే ఓపికా లేదు. కింద రోడ్డు మీదే నా నడక.

ఫాల్గుణం వచ్చిందంటే ఆ కంపల్లోంచి కౌజులు కూస్తాయి. హోటళ్ల ముందు 'కౌజు పిట్టల ఫ్రై' అని బోర్డు పెడతారే, అవి కావు. అవి ఫారాల్లో పెంచే జపాన్ పిట్టలు, పిడికిట్లో పడతాయి. నేను చెప్పేది అసలు కౌజు. నాటుకోడిలో సగం కూడా ఉండదు, ఒళ్లంతా బూడిద రంగు మీద సన్నని చారలు. మగదాని కాళ్లకు పదునైన ముల్లు ఉంటుంది. మనిషి అలికిడైతే ఎగరదు, తలవంచుకుని కంపల కింద పరుగెడుతుంది. మరీ మీదికి పోతే అప్పుడు బుర్రుమని లేస్తుంది. కూత మాత్రం ఆ ఒంటికి మించినది. 'కతీతర్, కతీతర్' అని ఒకటి మొదలుపెడితే అవతలి కంప నుంచి ఇంకొకటి అందుకుంటుంది. హిందీలో దాన్ని తీతర్ అనేది ఆ కూతను బట్టే కాబోలు.

ఈ కూతలు లెక్కపెట్టడం నాకు మా నాన్న నేర్పాడు. నాన్న బావిలో కోల్ ఫిల్లర్. ఒళ్లు విరిగేలా తట్టా చెమ్మస్ పని చేసి వచ్చి కూడా, ఉగాదికి ముందు వారం తెల్లవారుజామున నన్ను లేపేవాడు. ఆ వారమంతా పట్టడం ఉండేది కాదు, వినడమే. ఏ దిక్కున కూసింది, ఎన్ని కూశాయి, ఏ కంప కింద దుమ్ములో పొర్లాడిన గుంట ఉంది, అక్కడి నుంచి అడుగులు ఎటు పోయాయి. నా చెవులు మంచివని నాన్న నమ్మకం. "ఎన్ని బిడ్డా?" అనేవాడు. నేను వేళ్లు చూపేదాన్ని. మాట్లాడకూడదు కదా.

మా ఇంట్లో వెదురు బుట్టలో ఒక మగ కౌజు ఉండేది. దానికి జొన్నలు, పుట్ట తవ్వి తెచ్చిన చెదలు వేసేవాళ్లం. పిట్టలు జతకట్టే కాలంలో బుట్టను తీసుకెళ్లి కంపల మధ్య పెడితే అది కూసేది. నా జాగాలోకి వచ్చి కూసేది ఎవడురా అని అక్కడి మగది రోషంతో మీదికి వచ్చి ఉచ్చులో పడేది. చాలా ఏళ్ల తర్వాత డిగ్రీలో మను చరిత్ర పాఠం వచ్చింది. స్వరోచి వేట చెబుతూ మా సారు 'దీమం' అనే మాటకు అర్థం చెప్పారు, వేటకు ఎరగా పెంచే జంతువో పిట్టో అని. నేను ఇంటికొచ్చి, "నాయినా, మన బుట్టల పిట్టకు ప్రబంధాల్లో పేరున్నది" అన్నాను. నాన్న పడీ పడీ నవ్వాడు. "మనమెన్నడు సదువుకోకున్నా అన్నీ మనయే ఉన్నయి గదనే పుస్తకాలల్ల" అన్నాడు.

రుచి గురించి అబద్ధం చెప్పను. అమ్మ కారం దంచి వేసి చేసిన ఆ కూర గుర్తొస్తే ఇప్పటికీ నోరూరుతుంది. అడవి పిట్టలను పట్టడం నేరమని చట్టం 1972లోనే వచ్చింది, అంటే నేను పుట్టకముందే. నాన్నకు తెలియదు. తెలిసినా ఆగేవాడని నేను గట్టిగా చెప్పలేను.

అమెరికాలో ఉన్న మా చెల్లి ఆ మధ్య ఫోన్లో ఒక సంగతి చెప్పింది. అక్కడ అడవిలో టర్కీ కోళ్లుంటాయట. వసంతంలో వాటి వేటకు సర్కారే తారీఖులు పెట్టి, డబ్బులు కట్టించుకుని లైసెన్సు ఇస్తుందట. చాలా చోట్ల ఆ కాలంలో మగవాటినే కొట్టాలట. సీజను మొదలవకముందే వాళ్ల పక్కింటాయన చీకట్లో లేచి పోయి, కోళ్లు ఏ దిక్కున కూస్తున్నాయో విని వస్తాడట. పైగా ప్లాస్టిక్ కోడి ఒకటి కొనుక్కున్నాడట, ఎర పెట్టడానికి. "ప్లాస్టిక్ దీమమా!" అని ఇద్దరం నవ్వుకున్నాం. నాన్న ఉంటే ఎంత సంబరపడేవాడో.

ఇక అసలు సంగతి. ఈసారి హోలీ తర్వాతి ఆదివారం మా మరిది భోజనానికి వచ్చాడు. మాటల్లో నేను కౌజుల సంగతి ఎత్తాను. మామూలుగా మా ఇంట్లో నేను పిట్టల గురించి మొదలుపెడితే మా ఆయన ఫోను తీస్తాడు, మా అబ్బాయి చెయ్యి కడుక్కోవడానికి లేస్తాడు. మరిది మాత్రం ముద్ద ఆపి విన్నాడు. "ఏ దిక్కుకు వదినె? పొద్దుగాల ఎన్ని గంటలకు కూస్తయి?" అని అడిగాడు. నాకు హుషారొచ్చేసింది. నాలుగు జంటలున్నాయన్నాను. మోదుగ చెట్టు దాటాక రెండు, కల్వర్టు పక్క కంపలో ఒకటి, గుట్ట మొదట్లో ఒకటి. ఉప్పు డబ్బా గుట్టగా, పచ్చడి గిన్నె కల్వర్టుగా పెట్టి మరీ చూపించాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆ ఇంట్లో నా మాట అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. మీలో కొందరికైనా ఆ ఆకలి తెలిసే ఉంటుంది.

ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా మోదుగ దగ్గర కూత వినబడలేదు. ముందురోజు మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు మా కిటికీలు గట్టిగానే అదిరాయి, బెదిరి ఉంటాయిలే అనుకున్నాను. కానీ బ్లాస్టింగ్ మా దగ్గర కొత్త కాదు, ఆ పిట్టలకూ కొత్త కాదు. రోడ్డు దిగి వంగి చూశాను. రెండు కంపల మధ్య సందులో, సరిగ్గా అవి నడిచే దారిలో, పుల్లకు వరసగా నైలాన్ దారపు ఉచ్చులు. పక్కన నాలుగు చారల ఈకలు.

అన్నీ పీకేశాను. చేతులు గీరుకుపోయాయి. కొంగులో మూటకట్టి తెచ్చి బియ్యం డబ్బా వెనక దాచాను. ఎందుకు దాచానో తెలియదు. ఎవరు పెట్టారో చూసింది లేదు కదా, నేనెవరిని అనగలను?

సాయంత్రం మరిదే ఫోన్ చేశాడు. "వదినె, ఉగాది తెల్లారి దావత్ మీ ఇంట్లనే. కౌజులు నేను తెస్త, నువ్వు మసాల తయారు పెట్టు."

"నేను వండ" అన్నాను. "ఉచ్చులు నేనే పీకేసిన. నేను చెప్పింది పట్టమని కాదు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, కోపం లేకుండానే అడిగాడు. "మీ నాయిన పట్టలేదా వదినె? నువ్వు తినలేదా?"

కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. అప్పుడు పిట్టలు ఎక్కువ, కంపలు ఎక్కువ, ఇప్పుడు తవ్వగా మిగిలిన ఈ గుట్టే వాటికి దిక్కు... ఇవన్నీ ఫోన్ పెట్టేసి అంట్లు తోముతుంటే తట్టాయి. ఆ నిమిషాన మాత్రం, "తిన్న" అని ఊరుకున్నాను.

మా ఆయన, "రెండు పిట్టలకు ఇంత లొల్లా?" అన్నాడు. పండుగ తెల్లారి మరిది రాలేదు. తోడికోడలు పనుందని చెప్పి పెట్టేసింది. మా అత్తమ్మ ఎవరినీ ఏమీ అనకుండా, "ఆడు లేకుంటే పండుగ పండుగలెక్క లేదు" అని నాలుగుసార్లు అంది. నాకు వినబడేలాగే.

ఇప్పుడు కల్వర్టు పక్క జంట కూస్తోంది. గుట్ట మొదట్లోది కూడా. మోదుగ అవతల నిన్న ఒక్క గొంతు వినబడింది. చాలాసేపు కూసింది, అందుకునే గొంతు లేదు. నేను రోడ్డు మీద నిలబడి అలవాటుగా వేళ్లు ముడిచాను. ఐదు.

ఇంటికొస్తుంటే పక్క క్వార్టర్ అక్క, వాళ్లబ్బాయి బండి తుడుస్తుంటే అక్కడే నిలబడి ఉంది. "రోజూ ఎటు పోతున్నవే, స్టేడియంల కనబడుతలేవు?" అని అడిగింది. కుర్రాడు కూడా తలెత్తి చూశాడు.

"స్టేడియం దిక్కే అక్కా, జర తొందరగ పోతున్న" అన్నాను.