గరుకు మీద పడిన రంగు తుంపర

కారు బంపరు దిగువ భాగానికీ, చక్రాల చుట్టూ ఉండే అంచులకూ వాడే నల్లని ప్లాస్టిక్ సాధారణంగా పాలీప్రొపిలీన్‌లో రబ్బరు వంటి పదార్థాన్ని కలిపి చేసినది. దాని గరుకుదనం పైపూత కాదు, అచ్చులోనే ఏర్పడిన సన్నని గుంటలూ గట్లూ. పక్కనున్న తలుపుకు రంగు కొట్టేటప్పుడు స్ప్రే గన్ నుంచి వెలువడిన బిందువులు కొన్ని దారి తప్పి, గాలిలోనే సగం ఆరి, ఆ గుంటల్లో చేరుతాయి. పాలీప్రొపిలీన్ ఉపరితల శక్తి, అంటే ద్రవాలను తనపై పరుచుకోనిచ్చే గుణం, తక్కువ కనుక తగిన ప్రైమరు లేనిదే రంగు దాన్ని గట్టిగా పట్టుకోదు. శుభ్రం చేసేవారికి ఇదే గొప్ప ఆసరా.

ఈ ఆసరాను తొందరపాటు వృథా చేయడం నిజంగా బాధాకరం. గరుకు కాగితంతో రుద్దితే గుంటల్లోని రంగు కంటే ముందు గట్ల తలలు అరిగి, తిరిగి సరిచేయడానికి దాదాపు వీలుకాని మెరుపు మచ్చ మిగులుతుంది; నునుపైన చోట చక్కగా పనిచేసే క్లే బార్ అనే మెత్తని ముద్ద కూడా ఇక్కడ గుంటల్లో ఇరుక్కుంటుంది. కనబడని మూలన పరీక్షించాక, టర్పెంటైన్ వంటి మృదువైన ద్రావకాన్ని కొద్దిగా అద్ది, మెత్తని నైలాన్ బ్రష్‌తో పలు దిశల్లో తోమి, వదులైన రంగు మళ్లీ గుంటల్లో చేరకముందే గుడ్డతో తీసివేయడం మేలు. అసిటోన్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: పాలీప్రొపిలీన్ దాన్ని తట్టుకున్నా, చూపుకు అలాగే ఉండే ఏబీఎస్ ప్లాస్టిక్ కరుగుతుంది. గట్టిపరిచే రసాయనం కలిపిన రంగు పూర్తిగా గట్టిపడ్డాక ద్రావకాలకు సులభంగా లొంగదు కాబట్టి, పని ఎంత త్వరగా మొదలైతే అంత తక్కువ రుద్దుడు సరిపోతుంది.