గుండిగయొద్ద రెండు మాసములు

అన్నదానము గొప్పదని పెద్దలు చెప్పుదురు. అన్నము పెట్టించినవారి పేర్లను శిలలమీద చెక్కుదురు. వండినవారి పేర్లు మాత్రము పొగతోడనే పోవును. మేమును చాలకాలము ఆ పేర్లనడుగని వారిలోనివారమే. మేము చదివిన యీ పాఠశాల వార్షిక సంచికకు ఏదేనొక వ్యాసము పంపుమని పెద్దలు సెలవిచ్చినపుడు, మేము అన్నము వండిన రెండు మాసముల ముచ్చటయే మొదట మనస్సునకు వచ్చెను. వ్రాయుటకు కొంత సందేహమును కలిగెను. ఆ సందేహమేలనో చదువరులకు ముందు తెలియగలదు.

మా యూరు కరీంనగరునుండి జగిత్యాలకు పోవు త్రోవకు కొంచెము లోపలనున్నది. అచ్చటి సర్కారు బడిలో మా తల్లిగారు మధ్యాహ్న భోజనము వండుదురు. మేము కరీంనగరులో పట్టపరీక్ష ముగించి, ఉద్యోగ పరీక్షకు చదువుచు ఇంటనుండగా, ఒకనాడు ఆమె బావిగట్టున జారిపడి కుడిచేతి మణికట్టు విరుగగొట్టుకొనెను. వైద్యుడు కట్టు కట్టి, రెండు మాసములు బరువెత్తరాదని చెప్పెను. అప్పుడామె పలికిన మొదటి మాట నొప్పిని గూర్చినది కాదు. "రేపు బడిల వంటెట్ల?" అనెను. బదులు మనిషి లేనిచో ఆ స్థానము పోవునేమోయని ఆమె భయము. మేము పోయెదమంటిమి. ఆమె మమ్ము కొంతసేపు చూచి, "నువ్వు చదువుకున్నోనివి గద కొడుకా" అని మాత్రమనెను.

ఈ పనికి ముట్టుదానిని జీతమనరు, గౌరవవేతనమందురు. 2009వ సంవత్సరము డిసెంబరునుండి అది నెలకు వేయి రూపాయలుగా నుండెను. తరువాత తెలంగాణ ప్రభుత్వము దానిని మూడువేలకు పెంచినది. నెలకు ఇరువదియైదు పనిదినములని లెక్కించినచో దినమునకు 120 రూపాయలగును. వేసవి సెలవులలో అదియును లేదు. ఇట్టి పనియందు సంతోషముండునని మమ్మెవ్వరైన నమ్మింపజూచినచో ఆ దినమున నవ్వియుందుము.

బడిలో ఆ యేడు నూటనలువదిమంది పిల్లలుండిరి. మొదటి యిరువదియైదుగురికి ఒకరు, నూరువరకు ఇద్దరు, ఆపైన ప్రతి నూరుమందికి ఇంకొకరు చొప్పున వంటవారుండవలెనని నియమము. కావున మా తల్లిగారితో ముగ్గురు. మిగిలిన యిద్దరిలో పెద్దామెను అందరును పెద్దమ్మయనియే పిలుతురు. ఆమె పుట్టినిల్లు ఆదిలాబాదు వైపు ఉట్నూరు దగ్గర. రెండవ యామె మా వాడకట్టుదే, మాకు అక్క వరుస.

లెక్కలు మాకు వచ్చునని మా గర్వము. ఒకటినుండి అయిదువరకు చదువు పిల్లవానికి నూరు గ్రాముల బియ్యము, ఇరువది గ్రాముల పప్పు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులవానికి నూటయేబది గ్రాముల బియ్యము, ముప్పది గ్రాముల పప్పు. చిన్నవారరువదిమంది, పెద్దవారెనుబదిమంది. అనగా దినమునకు పదునెనిమిది కిలోల బియ్యము, మూడు కిలోల ఆరువందల గ్రాముల పప్పు. దీనిని కాగితముపై వ్రాసి, వంటగది తలుపునకు అంటించితిమి. పెద్దమ్మ దానిని చూచి నవ్వి, "కాయితం మంచిగున్నది. ఎసరు వెట్టు" అనెను.

మొదటి దినముననే అన్నము మాడెను. కట్టెలపొయ్యి మాట వినలేదు. మంట తగ్గింపవలసినపుడు మేము కట్టెలెగద్రోసితిమి. మాడువాసన రాగానే తెడ్డు తీసికొని గుండిగ యడుగువరకు కలుపబోతిమి. పెద్దమ్మ మా చేయి పట్టుకొనెను. మాడిన యన్నమును కదపరాదట. కదపినచో వాసన యంతటికి పట్టును. ఆమె మంటను లాగివేసి, పైయన్నమును చిల్లిగంటెతో మెల్లగా వేరొక పాత్రలోనికి తీసి, అడుగున నాలుగు వ్రేళ్ల మందము వదలివేసెను. పిల్లలకేమియు తెలియలేదు. మాకు మాత్రము పుస్తకములలో లేని విద్యయొకటి కలదని ఆ దినమున తెలిసెను.

పదిదినములు గడచిన పిమ్మట మాలో నొక మార్పు కలిగెను. తెల్లవారుజామున మెలకువ వచ్చినపుడు పరీక్షకుమారు ఎసరు జ్ఞప్తికి వచ్చుచుండెను. ఎసరు మొదట సన్నగా పాడును, పిమ్మట గుడగుడలాడును. బియ్యము పోయగానే ఒక్కసారి ఊరకుండును. ఆ నిశ్శబ్దమునుండి అది మరల పలుకువరకు వేచియుండుటలో నెంత సుఖమున్నదో వండినవారికే తెలియును. మెతుకు పట్టి చూచుట, గంజి వార్చుట, పప్పు మెత్తబడినదని తెడ్డు బరువును బట్టి గుర్తించుట, ఇవన్నియు చేతికొక్కటొక్కటిగా వచ్చుచుండగా, చదువులో మొదటిసారి లెక్క తేలిన బాలునివలె సంతోషించితిమి. పరీక్షకు మూడేండ్లు చదివితిమి, ఫలము కంటబడలేదు. ఇచ్చట ఉదయము తొమ్మిది గంటలకు ఆరంభించిన పని ఒంటిగంటకు ముగియును. ఫలము నూటనలువది పళ్లెములలో కనబడును. "అన్నా, ఇంకింత పెట్టు" అని పళ్లెము చాచినవాడు మాకిచ్చిన బహుమానము ఏ పరీక్షాధికారియు ఇచ్చియుండలేదు.

అయితే మా కాగితపు లెక్క సోమవారమున తప్పుచుండెను. మొదటి సోమవారము అన్నము చాలక చివరి వరుసకు సగము సగము పెట్టితిమి. హాజరుపట్టీలో పిల్లలు పెరుగలేదు గదాయని ఆశ్చర్యపడగా, పెద్దమ్మ, "నిన్న ఐతారం గద కొడుకా. బడి లేదు, ఇంట్ల ఎంత తిన్నరో ఏమో" అనెను. ఆమె ప్రతి శుక్రవారము, శనివారము కొలతలో పిడికెడు పిడికెడు తగ్గించి, సోమవారమునకు దాచుననియు, మా తల్లిగారును ఇన్నియేండ్లు అట్లే చేయుచుండెననియు అప్పుడు తెలిసెను. మూడవ తరగతి బాలిక యొకతె సోమవారమున మాత్రమే రెండవసారి వచ్చి, మాటలాడక పళ్లెము చాచెడిది. మేము తలుపునంటించిన కాగితమును ఆ సాయంత్రమే చింపివేసితిమి.

పెద్దమ్మకు ఆకలి క్రొత్తది కాదు. ఆమె చిన్ననాట ఇంటిలో మక్కగటకయు జొన్నగటకయు నిత్యాహారము. వరియన్నము పండుగకు మాత్రమేయట. గోదావరిపై పోచంపాడువద్ద శ్రీరామసాగర ప్రాజెక్టునకు 1963వ సంవత్సరమున పునాదిరాయి పడి, కాలక్రమమున కాకతీయ కాలువ నీరు కరీంనగరు పొలములకు పారిన పిమ్మట ఈ ప్రాంతమున వరి విస్తరించినది. అయినను వరి పండిన యూరిలో ప్రతి పిల్లవాని పళ్లెమునకును అది తనంతట నడచి రాదు. బడిలో అన్నము పెట్టవలెనను తలంపు 1920వ సంవత్సరమున మద్రాసు కార్పొరేషను అధ్యక్షులైన పిట్టి త్యాగరాయ చెట్టిగారి కాలముననే ఆ పట్టణపు బడిలో మొలకెత్తినది. 1956లో కామరాజు ప్రభుత్వము దానిని మద్రాసు రాష్ట్రమున వ్యాపింపజేసెను. 2001వ సంవత్సరము నవంబరు 28వ తేదీన సుప్రీముకోర్టు, సర్కారు ప్రాథమిక పాఠశాలలలో వండిన యన్నమే పెట్టవలెనని దేశమంతటికి ఉత్తరువిచ్చినది. మన ప్రాంతమున 2003 జనవరిలో పొయ్యి వెలిగెను. ఇంత చరిత్రయు తుదకు వచ్చి నిలుచునది ఒక గుండిగయొద్ద, ఒక సోమవారమున.

ఇపుడు మా సందేహపు మాట చెప్పవలెను. ఒకనాడు కరీంనగరులో మాతోగూడ చదివిన మిత్రుడొకడు ఏవో కాగితములతో బడికి వచ్చెను. మేము ముఖమును పొయ్యివైపు త్రిప్పి, మంట బాగుగా మండుచున్నను ఊదుచు కూర్చుంటిమి. అతడు మమ్ము గుర్తింపక, "వంటాయనా, మంచినీళ్లు" అని యడిగెను. అక్క తెచ్చియిచ్చెను. అతడు పోయిన పిమ్మట మనస్సు తేలికయయ్యెను. ఆ తేలికను జూచియే సిగ్గు కలిగెను. ఏలయన అది మాకు పాతదే. ఈ పాఠశాలలో తొమ్మిదవ తరగతిలో చేరునపుడు దరఖాస్తులో తల్లి వృత్తి యేదని యొక గడియుండెను. మేము "గృహిణి" యని వ్రాసితిమి. ఆమె ప్రక్కననే నిలుచుండెను. ఆమెకు చదువు రాదు. ఏమి వ్రాసితివని యడుగగా, "నీ పనే వ్రాసితిని" అంటిమి. ఆమె సంతోషించెను.

రెండు మాసములైన పిదప కట్టు విప్పిరి. మరునాడు మా తల్లిగారు బడికి వచ్చి, గుండిగ మూతయెత్తి, ఆవిరిలో ముఖముంచి వాసన చూచి, పప్పు చేతిలో వేసికొని నాకెను. మాకు ఏ పరీక్షయందును అంత గుండెదడ కలుగలేదు. "ఉప్పు సరిపోయింది" అనెను. ఆ రాత్రి దరఖాస్తు సంగతి యామెకు చెప్పితిమి. కొంతసేపూరకుండి, "అప్పుడు చిన్నోనివి, నీకేం తెలుసు" అని, అన్నము వడ్డించెను.

ఒక్క మాట చెప్పి ముగించెదము. పనిలో సంతోషమున్నదని మేము వ్రాయుటను జూచి, కావున కూలి తక్కువైనను చాలునని యెవ్వరును తలంపరాదు. సంతోషము పని యిచ్చినది. దినమునకు 120 రూపాయలు మనమిచ్చినవి. ఆ రెంటిని ఒక త్రాసులో తూచుట అన్యాయము. విద్యార్థులారా, మీలో నెవ్వరి తల్లియైన గుండిగయొద్ద నిలుచునదైనచో, దరఖాస్తులోని ఆ గడిలో ఆమె పనిని దాని పేరుతోనే వ్రాయుడు. మేము ఆనాడు వ్రాయవలసిన మాటను ఇచ్చట వ్రాయుచున్నాము: మా తల్లి వంట వండును.