నా మాట – 17: ఎవరి సంచి వాళ్లే మోయాలి



కొండలెక్కడం డబ్బున్నోళ్ల సరదా కదా, దాని మీద నువ్వేం రాస్తావన్నా అని ఒక తమ్ముడు అడిగాడు. సరదా సంగతి అలా ఉంచు తమ్ముడూ. నేనెక్కిన కొండకి ఒక రూల్ ఉంది. ఈ వారం ఆ రూల్ గురించే రాస్తున్నా.

కాలిఫోర్నియాలో మౌంట్ విట్నీ అని ఒక కొండ. అలాస్కాని పక్కనపెడితే అమెరికాలో అదే ఎత్తైంది, 14,505 అడుగులు. పోనూ రానూ 22 మైళ్ల నడక. మే 1 నుంచి నవంబర్ 1 దాకా రోజుకి ఇంతమందే అని లెక్క. ఒక్కరోజులో ఎక్కి దిగేవాళ్లు 100 మంది, పైన రాత్రి పడుకునేవాళ్లు 60 మంది. ఫిబ్రవరిలో లాటరీకి దరఖాస్తు పెట్టాలి. మార్చి 15న ఫలితం వస్తుంది. వస్తే తలకి 15 డాలర్లు కట్టాలి.

ఇంత తతంగమా అని మా జట్టులో వాళ్లు విసుక్కున్నారు. నాకు మాత్రం నచ్చింది. ఎందుకంటే నేను పుట్టిన చోట కూడా అనుమతులుండేవి. ఫలానా వీధిలోంచి నడవడానికి, ఫలానా చెరువు మెట్లు దిగడానికి. వాటికి ఫారం లేదు, ఫీజు లేదు, లాటరీ లేదు. ఇచ్చేదెవరో తెలీదు. కాదంటే ఎవర్ని అడగాలో తెలీదు.

అలాగని రాసిపెట్టినంత మాత్రాన సరిపోదు. మహాడ్‌లో చవదార్ చెరువుని అందరికీ తెరుస్తున్నామని అక్కడి మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. ఆ నీళ్లు తాగడానికి మనవాళ్లు 1927 మార్చి 20 దాకా ఆగాల్సొచ్చింది. బాబాసాహెబ్‌తో నడిచివెళ్లి తాగారు. తాగినందుకు దెబ్బలు తిన్నారు. కాగితం మీది రూల్ నేల మీదికి దిగడానికి మూడేళ్లూ, కొంత నెత్తురూ పట్టింది.

ఇక విట్నీ రూల్స్. తిండంతా ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో పెట్టాలి. మంట వెయ్యకూడదు. అన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటుంది. పైన దొడ్డికెళితే దాన్ని ఒక సంచిలో కట్టుకుని కిందికి మోసుకురావాలి. ఆ సంచిని వ్యాగ్ బ్యాగ్ అంటారు. లోపల పొడి ఉంటుంది, తడిని గడ్డకట్టిస్తుంది. పైనంతా రాయీ మంచూ. పూడ్చడానికి మట్టి లేదు, పూడ్చినా కుళ్లదు. ఒకప్పుడు పైన మరుగుదొడ్లు కట్టారు. వాటిలోది హెలికాప్టర్లో దించాల్సొచ్చేది. ఆ తర్వాత వాటిని తీసేసి, ఎవరిది వాళ్లే తెచ్చుకోండి అన్నారు. కంపెనీ ఓనరైనా కాలేజీ కుర్రాడైనా అంతే.

మేం ఐదుగురం వెళ్లాం, అందరం తెలుగువాళ్లమే. పర్మిట్ నా పేరు మీద ఉంది, జట్టుకి జవాబుదారీ నేనే. 12,000 అడుగుల దగ్గర ట్రెయిల్ క్యాంప్‌లో గుడారాలేశాం. పొద్దున్నే ఒకతను నా దగ్గరికొచ్చి, “అన్నా, ఆ రాళ్ల కింద తోసేద్దాం. ఎవడు చూస్తాడు?” అన్నాడు. కుదరదన్నాను. ఇంకొకతను నవ్వుతూ, “ఒకళ్లెవరైనా అందరివీ మోసేయండి, కిందికెళ్లాక డిన్నర్ మా లెక్క” అన్నాడు. అందరూ నవ్వారు.

అది జోకే. నన్ను అనాలని అన్నదీ కాదు, నేనెవరో అతనికి తెలీదు. కానీ గమనించండి. ఆ ఎత్తులో, ఆ చలిలో, నలుగురు చదువుకున్నవాళ్ల బుర్రకి మొదట తట్టిన ఉపాయం ఏంటి? డబ్బులిచ్చి ఇంకొకరి చేత మోయించడం.

అప్పుడు చెప్పాను. “మా అమ్మమ్మ పాకీ పని చేసింది. మేం రెల్లోళ్లం. పొద్దున్నే రేకు ముక్క, బకెట్టు, బూడిద పట్టుకుని దొడ్ల వెనక గుమ్మంలోంచి వెళ్లేది. ముప్పై ఇళ్లు. వానాకాలం బకెట్టు కారి జుట్టులోకి దిగేది. ఆవిడకి ఏ సంచీ ఇవ్వలేదు, ఏ పొడీ ఇవ్వలేదు. మీరు మోయాల్సింది మీదే, అది కూడా ఒక్క రోజు.”

అమెరికాలో తెలుగువాళ్ల మధ్య నా కులం పైకి చెప్పడం అదే మొదటిసారి. ఎవరూ మాట్లాడలేదు. జోకేసినతను తన సంచి బ్యాగుకి కట్టుకుని ముందు నడిచాడు. ఇంకొకతను దిగేదాకా నాతో మాట్లాడలేదు, ఇప్పటికీ ఫోనెత్తడు. ఐదు సంచులూ కింద డబ్బాలో పడ్డాయి.

మన దేశంలో పాకీ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. ఆ తర్వాత రెండేళ్లు అమ్మమ్మ బతికింది, ఆ రెండేళ్లూ పనికెళ్లింది. 2013లో ఇంకో చట్టం వచ్చింది. బెజవాడ విల్సన్ వాళ్ల సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడితే, మురుగు గుంటలో చనిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ప్రాణం రేటు పెరిగింది. మనిషిని దించడం ఆగలేదు.

ఎందుకాగలేదో నాకా కొండ మీద అర్థమైంది. విట్నీ రూల్ దొడ్డికెళ్లినవాడితో మాట్లాడుతుంది: ఇది నీది, నువ్వే తీసుకెళ్లు అంటుంది. మన చట్టాలు ఎత్తేవాడి గురించీ, ఎత్తించే కాంట్రాక్టరు గురించీ మాట్లాడతాయి. ఫ్లష్ నొక్కి తలుపేసుకున్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. అతని బాధ్యత అక్కడితో సరి. అదెటు పోతుందో, దాని కోసం ఎవరు దిగుతారో తెలుసుకోవాల్సిన పని అతనికి లేదు.

అందుకే మీకో పని చెబుతున్నా. ఈ నెల మీ అపార్ట్‌మెంట్ మీటింగులో ఒక్క ప్రశ్న అడగండి: మన సెప్టిక్ ట్యాంక్‌ని మిషన్ శుభ్రం చేస్తోందా, మనిషి దిగుతున్నాడా? మనిషే అయితే అతని పేరేంటి? వచ్చిన జవాబు నాకు రాయండి. ఎవరైనా నవ్వితే అది కూడా రాయండి.

జై భీమ్.